తాత పికప్ అమ్మాలా, వద్దా?

పోయిన సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఇంటికి రాకముందే తాత దగ్గరికి పో. ఆ బండి అమ్మెయ్యమని చెప్పు. నా మాట ఇంటలేడు, మీ మామ మాట అసలే ఇంటలేడు. నువ్వు మెకానికల్ చదువుతున్నవ్ గదా, నీ మాటైతే ఇంటడు."

మెకానికల్ మూడో సంవత్సరం చదివేవాడికి ఇంట్లో ఇంత విలువ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. సరే అన్నాను. అనడమే కాదు, బస్సులో లాప్‌టాప్ తెరిచి తాత బండి మీద ఒక ఎక్సెల్ షీట్ కూడా తయారు చేశాను. ఆ షీట్ పట్టుకుని వెళ్లినవాడిని వేరే అభిప్రాయంతో తిరిగొచ్చాను. అది ఎందుకు మారిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీలో చాలామంది ఇళ్లల్లో రిటైరైన ఒక పెద్దమనిషి, ఆయన వదలని ఒక బండి ఉండే ఉంటాయి. పికప్పే కానక్కర్లేదు. ట్రాక్టరో, పాత స్కూటరో, అంబాసిడరో కావచ్చు. గొడవ మాత్రం ఒకటే.

మా తాతది శంషాబాద్ పక్క ఊరు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి 2015లో, 58 ఏళ్లకు రిటైరయ్యాడు. సర్వీసంతా ఒక్క యాక్సిడెంట్ లేదు. ఆ సంగతి కొత్తగా పరిచయమైన వాళ్లకు మూడో మాటలోనే చెప్తాడు. ఆర్టీసీ వాళ్లకు వచ్చేది ప్రభుత్వోద్యోగుల పెన్షన్ కాదు, ఈపీఎస్ పెన్షన్ అని మనలో చాలామందికి తెలియదు. 1995లో వచ్చిన ఆ స్కీమ్‌లో లెక్క సూటిగానే ఉంటుంది: లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి 2014 సెప్టెంబర్ నుంచి 15,000 రూపాయలు. ఆ పరిమితి మీద లెక్క కడితే 35 ఏళ్ల సర్వీసుకైనా నెలకు వచ్చేది 7,500. తాత సర్వీసులో సగం వరకు స్కీమ్ మొదలు కాకముందుది కాబట్టి ఆయనకు నాలుగు వేల లోపే వస్తుంది.

2016లో రిటైర్మెంట్ డబ్బుల్లో కొంత పెట్టి, కొంత లోన్ తీసుకుని బొలెరో పికప్ కొన్నాడు. అమ్మమ్మ అప్పుడే వద్దన్నదట. "ముప్పై ఏండ్లు స్టీరింగే పట్టినవ్, ఇంక ఇంట్ల కూసో" అన్నదట. తాత కూర్చోలేదు.

ఇక్కడ పికప్ అంటే ఏమిటో ఒక మాట చెప్పాలి. డల్లాస్‌లో ఉండే మా దూరపు మామయ్య ఒకాయన ఫోర్డ్ ఎఫ్-150 ముందు నిలబడి ఫొటోలు పెడుతుంటాడు. అక్కడ ఎఫ్-సిరీస్ నలభై ఏళ్లకు పైగా అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యే ట్రక్కు. రిటైరైన వాళ్లు దాని వెనక పడవ కట్టుకుని చెరువుకు పోతారట. మన దగ్గర కూడా సొంతానికి వాడుకునే తెల్ల ప్లేటు పికప్‌లు ఉన్నాయి. ఇసుజు వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. కానీ శంషాబాద్ రోడ్డు మీద కనబడే పికప్‌లు నూటికి తొంభైపైన పసుపు ప్లేటువే. అంటే సరుకు బండ్లు. అందులో కూర్చున్నవాడు షికారుకు పోవట్లేదు, పనికి పోతున్నాడు. మా వైపు కొంచెం పెద్ద సరుకు బండి ఏదైనా సరే "డీసీఎం" అంటారు. 1980లలో వచ్చిన డీసీఎం టొయోటా ట్రక్కు పేరది. ఆ ట్రక్కు ఎప్పుడో పోయింది, పేరు మాత్రం అడ్డాలో మిగిలిపోయింది. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను "చోటా హాథీ" అన్నట్టే ఇదీ.

మా వైపు ఈ బండ్లకు ఇంత గిరాకీ ఎందుకంటే ఊరు మారిన తీరే కారణం. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాయి. ఎయిర్‌పోర్టు ఒక్కటే సుమారు 5,500 ఎకరాలు. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, దాని పక్కన గోదాములు, ఫంక్షన్ హాళ్లు. భూమి పోయి డబ్బులొచ్చిన ఇళ్లల్లో చాలామంది మొదట కొన్నది బండే. ఇంకో పక్క, హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో 1996 నాటి 111 జీవో పెట్టిన ఆంక్షల వల్ల వ్యవసాయం పూర్తిగా పోలేదు. బంతి, చామంతి, ఆకుకూరలు ఇంకా పండుతున్నాయి. అవి తెల్లారేలోపు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరాలి. ఒక పక్క విమానం దిగుతుంటుంది, ఇంకో పక్క చామంతి మూటలు ఎక్కుతుంటాయి. మా తాత గిరాకీ ఆ మూటలే.

ఇప్పుడు నా ఎక్సెల్ షీట్ సంగతి.

తాత నెలకు సుమారు 12 ట్రిప్పులు కొడతాడు. పోనురాను 50 కిలోమీటర్లు. అంటే నెలకు 600, ఏడాదికి 7,200 కిలోమీటర్లు. లీటరుకు 13 వస్తుంది. డీజిల్ 95 దాటింది. ఏడాదికి డీజిల్ 53,000. బండి కదిలినా కదలకపోయినా అయ్యే ఖర్చులు వేరే ఉన్నాయి: ఇన్సూరెన్సు 24,000, ఆయిల్ మార్పిడి, గ్రీజు, క్లచ్ లాంటి రిపేర్లు 14,000, ఫిట్‌నెస్‌కు బండిని తయారు చేయడానికి, ఫీజుకు 9,000, టైర్ల కోసం దాచాల్సింది 5,500, బ్యాటరీకి 2,000, ట్యాక్సు, పొల్యూషన్, చిల్లర అన్నీ కలిపి 5,500. మొత్తం 60,000. అంటే నెలకు 5,000. డీజిల్‌తో కలిపితే ఏడాదికి 1,13,000.

ట్రిప్పుకు వెయ్యి చొప్పున వచ్చేది 1,44,000. మిగులు 31,000. బండి అమ్మితే మూడున్నర లక్షలు వస్తుంది. ఆ డబ్బు బ్యాంకులో 7 శాతానికి వేస్తే 24,500 వడ్డీ. ఆ వడ్డీ తీసేస్తే తాత ఏడాదంతా తెల్లవారుజామున లేచి బండి తోలినందుకు నిజంగా మిగిలేది 6,500. నెలకు 540 రూపాయలు. ఏడాదేడాదికి బండి ధర తగ్గడం ఇందులో కలపనేలేదు.

ఈ లెక్క చూసుకుని నాకు నేనే శభాష్ అనుకున్నాను. 540 రూపాయల కోసం 68 ఏళ్ల మనిషి రాత్రి రెండున్నరకు లేవడమా? వాదన అయిపోయింది అనుకున్నాను.

వెళ్లేసరికి తాత బండి కింద ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. "వచ్చినవా? పద్నాలుగు నంబర్ పానా ఇటియ్యి" అన్నాడు. ఇచ్చాను. ఇంకోటి అడిగాడు. అదీ ఇచ్చాను. కాసేపటికి నేనూ కింద దూరాను. నిజం చెప్పాలంటే, మూడేళ్ల ఇంజనీరింగ్ చదువులో నేను ఒక నడిచే బండి కిందికి వెళ్లడం అదే మొదటిసారి.

అక్కడ తాత చూపించినవి ఏ ల్యాబ్‌లోనూ చూడలేదు. కమాన్ పట్టీల మధ్య గ్రీజు ఎండిపోతే ఆ చోట మెరుస్తూ గీతలు ఎలా పడతాయో చూపించాడు. టైరు పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి చూడమన్నాడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైన టైరని అర్థం. అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, ఎండలో నిలబెడితే ఇంకా తొందరగా. "సెకండ్ హ్యాండ్ బండి కొనేటోడు రంగు జూస్తడు, ఈ నంబర్ జూడడు" అన్నాడు. 2020 అక్టోబర్ వానల్లో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి హైవే కోసుకుపోయింది కదా, అప్పుడు బండిని నీళ్లలో నడపాల్సి వచ్చిందట. వారం తర్వాత వెనక యాక్సిల్ ఆయిల్ విప్పి చూస్తే పాలలాగా తెల్లగా ఉందట. నీళ్లు కలిసిన ఆయిల్ అలాగే అవుతుంది. చూడకుండా వదిలేస్తే బేరింగులు పోయేవి.

నేను మాటల్లో "బ్రేకాయిల్ ఎప్పుడు మార్చినవ్ తాతా?" అని అడిగాను. తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మీ అమ్మకు చెప్పకు" అని మొదలుపెట్టాడు.

మూడు వారాల కింద, డిసెంబర్‌లో, తెల్లవారుజామున మూడున్నరకు సాతంరాయి దాటి పోతున్నాడు. మంచు. ఎదుటి నుంచి వచ్చే లారీ ఎల్ఈడీ లైట్లు కళ్లల్లో కొట్టాయి. ఆ వెలుగు పోయేసరికి ముందు ఒక ట్రాక్టర్ ట్రాలీ. వెనక లైటు లేదు. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగింది. మళ్లీ తొక్కాడు. బండి ఆగింది. ట్రాలీకి, బానెట్‌కి మధ్య మూరెడు దూరం.

మర్నాడు చూస్తే వెనక వీల్ సిలిండర్ దగ్గర సన్నగా లీకు. ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. బ్రేకాయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మనం థియరీలో చదివిందే. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దగ్గర మరిగితే, తేమ పీల్చాక 140 దగ్గరే మరగొచ్చని ప్రమాణం ఒప్పుకుంటుంది. మరగడం ఒక్కటే కాదు, ఆ తేమ లోపల సిలిండర్‌ను తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు సీలును కోస్తుంది, లీకవుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. తాతకు ఇదంతా నాకంటే బాగా తెలుసు. తెలిసీ మార్చలేదు. ఎందుకంటే ఆ నెల ఇన్సూరెన్సు కట్టాల్సి వచ్చింది.

మొత్తం పని ఖర్చు 1,800 రూపాయలు.

నా షీట్‌లో ఈ 1,800 లేదు. రిపేర్లు 14,000 అని ఒక గడిలో రాసేశాను. కానీ ఆ 14,000 పెన్షన్‌లోంచి ఎప్పుడు తీయాలి, ఏ నెల ఏది వాయిదా పడుతుంది, వాయిదా పడిన పని ఏ రాత్రి ఎదురొస్తుంది అనేది గడిలో పట్టదు. ఇంకో సంగతి కూడా షీట్‌లో లేదు. తాత ఎడమ కన్నులో శుక్లం మొదలైంది. లైట్ల చుట్టూ రింగులు కనబడుతున్నాయని ఆయనకు అప్పటికే తెలుసు. చెబితే బండి అమ్మిస్తారని చెప్పలేదు.

ఇక్కడే నా అభిప్రాయం మొదలవుతుంది. తాత ఎందుకు దాచాడు? మేము ఆయన ముందు పెట్టింది రెండే దారులు కాబట్టి. బండి ఉంచుకో, లేదా అమ్మెయ్యి. అన్నీ, లేదా ఏమీ లేదు. అలాంటప్పుడు ఏ మనిషైనా కన్ను మసకబారిందని ఒప్పుకుంటాడా? "అమ్మెయ్యి, అమ్మెయ్యి" అన్న మా పోరు వల్ల తాత జాగ్రత్త పడలేదు. మా నుంచి దాచడం నేర్చుకున్నాడు, అంతే. ఆ మూరెడు దూరంలో మా తప్పు కూడా ఉంది.

నేననేది ఏమిటంటే, రిటైరైన మనిషికి బండితో ఉండేది ఒక్క సంబంధం కాదు, మూడు. ఒకటి, అది ఆయన సొంతం కావడం. రెండు, దాన్ని నడపడం. మూడు, దాన్ని చూసుకోవడం. మనం ఈ మూడింటినీ ఒకే ముద్ద చేసి మాట్లాడతాం. కానీ ఇవి ఒకేసారి అయిపోవు. ముందుగా ఆగాల్సింది నడపడం, అందులోనూ మొదట రాత్రిపూట నడపడం. బాగు చేసుకోవడం, గ్రీజు కొట్టడం, చెవితో విని ఇంజన్ సంగతి చెప్పడం ఇంకా చాలా ఏళ్లు చేయొచ్చు. సొంతం అనేది జేబును బట్టి ఉంటుంది. ఈ మూడింటినీ విడదీసి మాట్లాడితే పెద్దవాళ్లు వింటారు. కనీసం మా తాత విన్నాడు.

పండగ మర్నాడు అందరం కూర్చున్నాం. ముందు కన్ను గురించి తాతే చెప్పాడు. అమ్మమ్మ ఏడ్చింది, అమ్మ తిట్టింది, మామ "నేను ముందే చెప్పిన" అన్నాడు. అవన్నీ అయ్యాక నేను షీట్ తెరిచాను, కానీ ఈసారి వేరే ప్రశ్నతో.

తెల్లవారుజాము ట్రిప్పులు నెలకు పది. వాటిని ఇకనుంచి పక్కింటి అన్న తోలతాడు. ట్రిప్పుకు 350. అతనికి ఉన్నది మామూలు ఎల్ఎంవీ లైసెన్సే, సరుకు బండి తోలొచ్చా అని మామ అడిగాడు. తోలొచ్చు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండికి ఎల్ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబర్ 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. పగటి ట్రిప్పులు రెండు తాతే తోలతాడు, అదీ కంటి ఆపరేషన్ అయి, డాక్టరు ఒప్పుకున్నాకే. నాలుగేళ్లుగా పెంచని కిరాయి వెయ్యి నుంచి 1,150 చేశాం. పూల రైతులు ఒక్క మాట అనలేదు. "ఇన్నాళ్లు ఎందుకు అడగలే?" అని ఒకాయన ఎదురడిగాడు.

ఇప్పుడు లెక్క: ఏడాదికి వచ్చేది 1,65,600. ఖర్చు 1,13,000, డ్రైవరుకు 42,000. మిగులు 10,600. బ్యాంకు వడ్డీ పోగొట్టుకున్నది తీసేస్తే మైనస్ 13,900. అంటే ఈ బండి ఉంచుకోవడానికి తాత నెలకు దాదాపు 1,160 రూపాయలు పెడుతున్నట్టు.

అవును, నష్టమే. ముందు 540 లాభం అని చెప్పి అమ్మమన్నవాడిని, ఇప్పుడు 1,160 నష్టం అని చెప్పి ఉంచుకోమంటున్నాను. ఎందుకంటే ఆ మొదటి లాభం అబద్ధం. అది తాత నిద్ర, తాత కన్ను, మార్చని బ్రేకాయిల్ తిని చూపించిన లాభం. ఈ నష్టం నిజం, దీని మొత్తం ముందే తెలుసు. నెలకు 1,160 అంటే నేను ఫోన్ రీచార్జికి, రెండు ఓటీటీలకు, వారాంతపు బిర్యానీకి పెట్టేదానికంటే తక్కువ. ఆ డబ్బుతో ఆయనకు పొద్దున లేస్తే ఒక పని ఉంటుంది, "పెద్దాయనా, రేపు పది మూటలున్నయ్" అని అడిగేవాళ్లు ఉంటారు. దాన్ని వ్యాపారం అనొద్దు, ఖర్చు అనే అందాం. ఖర్చు అని ఒప్పుకుంటే భరించగలమా లేదా అని నిజాయితీగా చూసుకోవచ్చు.

దీనికి తాత పెట్టిన షరతులు ఇవి. ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది, నెల కిరాయిల్లోంచి మొదటి 5,000 వేరే బ్యాంకు ఖాతాలోకి పోతుంది. మిగతాదే ఇంట్లోకి. బ్రేకులకు, టైర్లకు డబ్బు లేదనే మాట ఇంక రాకూడదు.

రెండోది, బండి నిలబడకూడదు. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే చాలనుకుంటారు. ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఆయిల్‌లో తేమ పోదు, ఎలుకలు వైర్లు కొరకడం ఆగదు. ఇరవై కిలోమీటర్లు నడపాలి. "నిలవడ్డ బండి, నిలవడ్డ మనిషి ఒక్కటే, రెండూ ఖరాబైతయ్" అని తాత అంటాడు. రిటైర్మెంట్ మీద ఆయన అభిప్రాయం కూడా అదే.

మూడోది, బండి ఎంత మోయాలని కాగితంలో ఉందో అంతే. మూటలు నాలుగు ఎక్కువైతే రెండు ట్రిప్పులు. డాలా వెనక మనుషుల్ని ఎక్కించేది లేదు, పెళ్లైనా, జాతరైనా, సొంత చుట్టాలైనా. ఈ ఒక్క విషయంలో తాత ఊళ్లో చాలామందితో మాటపడ్డాడు.

నాలుగోది, ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టడం. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. ఆయన తన డైరీలో రాసి సంతకం పెట్టాడు: కంటి డాక్టరు వద్దంటే ఆ రోజే ఆపేస్తాను. ఏడాదిలో నా తప్పుతో రెండు గీతలు పడితే ఆపేస్తాను. హ్యాండ్ బ్రేకు వేయడం రెండుసార్లు మరిచిపోతే ఆపేస్తాను. దానికి బదులుగా మేము కూడా ఒక మాటిచ్చాం. అప్పటిదాకా ఎవరూ "అమ్మెయ్యి" అనకూడదు.

నా వాదనకు ఎదురు మాటలు లేవని కాదు. మామ అడిగినవే రెండు చెప్తాను. "రేపు ఏదన్న అయితే ఎవరు బాధ్యులు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. రోడ్డు మీద ఉన్న ఇంకొకరి ప్రాణం తాత ముచ్చట కంటే పెద్దది, అందులో సందేహమే లేదు. అందుకే రాత్రి డ్రైవింగ్ మొదట పోయింది. సరుకు బండి తోలే లైసెన్సు అయిదేళ్లకోసారి మెడికల్ సర్టిఫికెట్‌తో రెన్యువల్ చేయించాలి, కానీ అయిదేళ్లలో కన్ను చాలా మారుతుంది. కాబట్టి చట్టం అడగకపోయినా మేము ఏడాదికోసారి చూపిస్తాం. బండికి ఎలాగూ ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. అదే నెలలో తాతకూ కంటి పరీక్ష. బ్రేకిన్‌స్పెక్టర్ బండిని, డాక్టరు మనిషిని.

రెండో ప్రశ్న, "అట్లయితే రిటైరైన ప్రతోడూ పికప్ కొనుక్కోవాల్నా?" వద్దు. ఇది గట్టిగానే చెప్తాను. ఇప్పటికే బండి ఉండి, దాని పని తెలిసి, లోన్ తీరిపోయినవాళ్ల మాట వేరు. పీఎఫ్ డబ్బులన్నీ పెట్టి, 60 ఏళ్లకు ఈఎంఐ తలకెత్తుకుని కొత్త బండి కొనడం వేరు. నెలకు 5,000 కదలకుండానే ఖర్చయ్యే వస్తువు అది. అంతకంటే తక్కువ పెన్షన్ మీద దాన్ని పోషించలేరు. అప్పుడు కోత పడేది మొదట బ్రేకాయిల్ దగ్గరే, మేము చూశాం. తాత తొలి మూడేళ్లు లోన్ కోసమే రాత్రుళ్లు తోలాడని అమ్మమ్మ ఇప్పుడు చెబుతోంది. పైగా 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కొంతసేపు వేడిగా, వేగంగా పరుగెత్తాలి. ఊళ్లో రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేసేవాళ్లకు అది మూసుకుపోయి తలనొప్పి అవుతుంది. రిటైరైన వాళ్ల వాడకం చాలావరకు అలాంటిదే.

ఇక మన సంగతి. మనం ఇంజనీరింగ్ విద్యార్థులం. ఇంట్లో పెద్దవాళ్ల బండి గురించి మనల్ని అడిగితే మనం చేసేది ఆన్‌లైన్‌లో రీసేల్ ధర చూసి చెప్పడం. నేనూ అదే చేశాను. బండి కింద గంటసేపు పడుకోకపోతే తాత నాకు ఆ డిసెంబర్ రాత్రి గురించి ఎప్పటికీ చెప్పేవాడు కాదు. షీట్ తెరిచి ఎదురుగా కూర్చుంటే పెద్దవాళ్లు వాదిస్తారు. పానా అందిస్తూ పక్కన ఉంటే నిజం చెప్తారు. నా అభిప్రాయంలో సగం ఇదే.

తాతకు ఫిబ్రవరిలో కన్ను ఆపరేషన్ అయింది. పగటి ట్రిప్పులు మళ్లీ మొదలుపెట్టాడు. తెల్లవారుజామున బండి వెళ్లేముందు ఇప్పటికీ లేస్తాడట. టార్చిలైటుతో టైర్లు చూసి, బ్రేకు ఒకసారి తొక్కి చూసి, పక్కింటి అన్నకు తాళం ఇచ్చి, మళ్లీ పడుకుంటాడట. అమ్మమ్మ విసుక్కుంటోంది కానీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో భయం లేదు.

2031లో బండికి 15 ఏళ్లు నిండుతాయి. తాతకు 74. ఆ ఏడాది ఇద్దరికీ గట్టి పరీక్షే. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఉంటే, రాకపోయినా, ఆ రోజు నేను అక్కడుండాలని అనుకుంటున్నాను. ఈ సెలవులకు మీరూ ఇంటికెళ్తారు కదా. అమ్మెయ్యమని చెప్పేముందు, బ్రేకాయిల్ ఎప్పుడు మార్చారో ఒకసారి అడగండి.